నెలలు లెక్కపెట్టే ముందు: మన వార్డుల పెద్దలకు, తల్లిదండ్రులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు నేల మీద మన కడవరి దిన పరిశుద్ధుల సంఘపు వార్డులలో, అంటే స్థానిక సంఘాలలో, వాటికన్నా చిన్నవైన బ్రాంచీలలో బాధ్యతలు మోస్తున్న పెద్దలకు, పిల్లలను సువార్త చెప్పే మిషన్‌కు పంపిన, పంపబోతున్న తల్లిదండ్రులకు వందనములు.

మా వార్డు నుంచి మిషన్‌కు వెళ్లిన ఒక అబ్బాయి కొంతకాలం క్రితం తొమ్మిదో నెలలోనే తిరిగి వచ్చాడు. వెళ్లేటప్పుడు రైల్వేస్టేషనుకు నలభై మందిమి వెళ్లి, మెడ కనబడకుండా దండలు వేసి, పాట పాడి సాగనంపాము. వచ్చేటప్పుడు వాళ్ల నాన్న ఒక్కడే తెల్లవారుజామున ఆటోలో వెళ్లి తీసుకువచ్చాడు. మొదటి ఆదివారం ఆ అబ్బాయి సంస్కార సభలో, అంటే మన ఆదివారపు ఆరాధనలో, చివరి వరుసలో కూర్చున్నాడు. సభ ముగిసి తలుపు దాకా నడిచేలోగా నలుగురు అతణ్ని ఆపి ఒకే ప్రశ్న అడిగారు: "ఏమైంది బాబూ, మధ్యలోనే వచ్చేశావేం?" అడిగినవారిలో చెడ్డవారు ఎవరూ లేరు, ఒకావిడ ప్రేమతో బుగ్గ నిమిరి మరీ అడిగింది. మూడో ఆదివారం నుంచి అతను రావడం మానేశాడు. మన సంఘంలో ఒక్కో అబ్బాయిని మనమే చేజేతులా ఇలా పోగొట్టుకుంటున్నామని అనిపించి, ఆ ప్రశ్న అడిగే ముందు మీరు తెలుసుకోవలసిన కొన్ని సంగతులను చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన సంఘానికి బయట ఉన్న తెలుగువారు కూడా దీనిని చదవవచ్చు కాబట్టి రెండు మాటలు ముందుగా చెప్పాలి. లోకం మోర్మన్లని పిలిచేది మమ్మల్నే. మా సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుపలకతో ఇద్దరిద్దరుగా నడిచి వెళ్లే కుర్రవాళ్లను మీరు ఏదో ఒక ఊళ్లో చూసే ఉంటారు. మగపిల్లలు 24 నెలలు, ఆడపిల్లలు 18 నెలలు జీతం లేకుండా, పైగా ఇంటినుంచో సంఘం నుంచో ఖర్చులు తెచ్చుకుని ఈ సేవ చేస్తారు. ఎక్కడికి వెళ్లాలో వారు ఎంచుకోరు, పిలుపు ఎక్కడికి వస్తే అక్కడికి వెళతారు. 2012 అక్టోబరులో వయోపరిమితిని మగపిల్లలకు 19 నుంచి 18కి, ఆడపిల్లలకు 21 నుంచి 19కి తగ్గించిన తరువాత, ఇంటర్మీడియట్ పరీక్ష రాసిన చేత్తోనే దరఖాస్తు పెట్టేవారు పెరిగారు. ప్రపంచమంతటా ఇలాంటివారు ఇవాళ 70 వేలకు పైగా ఉన్నారు.

నేను 2018 జనవరి నుంచి 2020 జనవరి వరకు ఇంగ్లండు వాయవ్య భాగంలో సేవ చేశాను. వెళ్లినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అంతకుముందు విమానం ఎక్కలేదు, ఇంట్లో ఒక్క పూట అన్నం వండలేదు. మాది గోదావరి జిల్లా. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు కుటుంబాలతో బయలుదేరి వచ్చి, నర్సాపురం ప్రాంతంలో సువార్త పని మొదలుపెట్టారు. మా ముత్తాతలకు బైబిలు అలా అందింది. సరిగ్గా మరుసటి సంవత్సరం, 1837లో, మన సంఘం సముద్రం దాటి పంపిన తొలి మిషన్‌గా, తొలి అపొస్తలులలో ఒకరైన హీబర్ సి. కింబల్ బృందం అమెరికా నుంచి ఇంగ్లండులోని ప్రెస్టన్‌కు వెళ్లింది. అదే ప్రెస్టన్‌లో నూట ఎనభై ఏళ్ల తరువాత నర్సాపురం వైపు కుర్రవాడొకడు తలుపులు తట్టుకుంటూ తిరిగాడు. "ఇండియా నుంచి వచ్చి మాకు క్రీస్తును గురించి చెబుతావా?" అని అక్కడ ఒక ముసలాయన నవ్వుతూ అడిగినప్పుడు, ఈ కథంతా చెప్పాలనిపించింది గాని వాన పడుతోంది, ఆయన చెప్పులు లేకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మన వార్డులలో మిషన్ గురించి వినబడే సాక్ష్యాలన్నీ పండుగ రోజుల గురించే. బాప్తిస్మం జరిగిన రోజు, ఎవరో ఏడుస్తూ ప్రార్థన చేసిన రోజు, ఒక కుటుంబం తెల్ల బట్టల్లో ఫొటో దిగిన రోజు. అవి నిజమే. అవి జరగని మిగతా వందల రోజుల గురించి మాత్రం ఎవరూ చెప్పరు, నేనూ తిరిగి వచ్చాక నిలబడి చెప్పిన సాక్ష్యంలో చెప్పలేదు. అందుకే ఇప్పుడు ఒక మామూలు రోజును ఉన్నదున్నట్టు చెబుతాను.

ఉదయం ఆరున్నరకు లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, అల్పాహారం. అల్పాహారమంటే కాల్చిన రొట్టె మీద డబ్బాలోంచి తీసిన చిక్కుడు గింజలు. ఎనిమిది గంటల నుంచి లేఖనాల అధ్యయనం, మొదట ఎవరికి వారు, తరువాత సహచరుడితో కలిసి. పది గంటలకు బయట పడాలి. గోడకు గోడ ఆనుకుని వరుసగా కట్టిన ఎర్ర ఇటుకల ఇళ్లు, ఒక్కో వీధికి నలభై, యాభై తలుపులు. చాలా తలుపులు తెరుచుకోవు. కొన్ని తలుపుల మీద, అమ్మడానికి గాని మతం చెప్పడానికి గాని ఎవరూ రావద్దని ముందుగానే కాగితం అంటించి ఉంటుంది. తెరిచినవారిలో ఎక్కువమంది మర్యాదగానే వద్దంటారు. ఇంగ్లండువారి మర్యాదకు ఒక ప్రత్యేకత ఉంది: మన మొహం మీద తలుపు వేస్తూ కూడా క్షమించమంటారు. కొందరు వానలో తడుస్తున్నామని జాలిపడి టీ తాగి వెళ్లమంటారు. మన సంఘంలో టీ నిషిద్ధం. గోదావరి జిల్లాలో పుట్టి, ఎవరింటికి వెళ్లినా ముందు చేతికి వచ్చే గ్లాసును కాదనడం మహాపరాధమని తెలిసిన నాకు, ఆ రెండేళ్లలో అన్నిటికన్నా కష్టమైన నియమం అదే. వేడినీళ్లు చాలునంటే వాళ్లు వింతగా చూసేవారు.

డిసెంబరులో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంది. చీకట్లో తలుపు తడితే మనుషులు ఇంకా భయపడతారు, ఇంకా విసుక్కుంటారు. అయినా రాత్రి తొమ్మిది దాకా పని ఉంటుంది. గదికి తిరిగి వచ్చి, తడిసిన మేజోళ్లను గోడకున్న వేడిగొట్టం మీద ఆరవేసి, మరునాటి పని రాసుకుని, పదిన్నరకు దీపం ఆర్పాలి. సినిమా లేదు, టీవీ లేదు, ఇష్టమైన పాట లేదు, ఆడపిల్లలతో స్నేహం లేదు. ఒంటరిగా ఉండే వీలు అసలే లేదు. స్నానాల గదిలో తప్ప సహచరుడు ఎప్పుడూ కంటికి కనబడే దూరంలో, మాట వినబడే దూరంలో ఉండాలి. ఆ సహచరుణ్ని మనం ఎంచుకోము. ఆరు వారాలకు ఒకసారి బదిలీలు వస్తాయి, అప్పుడు మనిషి మారవచ్చు, ఊరు మారవచ్చు. ఇరవై నాలుగు గంటలూ ఒక కొత్త మనిషితో, అతని గురకతో, అతని అలకలతో కాపురం చేయడం పెళ్లికి మంచి తర్ఫీదు అని పెద్దలు హాస్యమాడతారు. పెళ్లికి ముందు కనీసం పెళ్లిచూపులైనా ఉంటాయి.

ఇంకొక చిన్న సంగతి చెప్పాలి, బయటివారికి ఇది విషయంలా కనబడకపోవచ్చు. మిషన్‌లో మన పేరు పోతుంది. 'ఎల్డర్' అనే బిరుదు, దాని పక్కన ఇంటిపేరు, అంతే. అక్కడివారికి ఇంటిపేరు అంటే చివరి పేరు, పిలవడానికి వీలైనది. మనకు ఇంటిపేరు అంటే శుభలేఖ మీద, రేషన్ కార్డు మీద ఉండేది. దానితో మనల్ని అమ్మ పిలవదు, స్నేహితుడు పిలవడు. నా ఇంటిపేరును వాళ్లు పలకలేక సగానికి విరిచి పలికేవారు. రెండేళ్లపాటు నన్ను నా పేరుతో పిలిచిన నోరు ఒక్కటి లేదు. ఒకసారి బ్లాక్‌బర్న్‌లో, తరాలుగా అక్కడే ఉంటున్న ఒక గుజరాతీ ముస్లిం పెద్దాయన తలుపు తీసి, మా పలకలు చూసి, మేము మాట్లాడక ముందే, "నీ పేరేమిటి బేటా, భోంచేశావా?" అని అడిగారు. నా పేరు చెప్పాను. ఆయన దాన్ని తప్పు లేకుండా పలికారు. ఆ రోజు సువార్త ఏమీ చెప్పలేదు, ఆయన పెట్టిన అన్నం, పప్పు తిని వచ్చాము. వారం చివరి లెక్కలో ఆ ఇంటిని ఏ గడిలో వేయాలో నాకు తెలియలేదు.

లెక్క అన్నాను కదా. ఆదివారం రాత్రి ప్రతి జంటా తమ జిల్లా నాయకుడికి, అంటే కొన్ని జంటలను చూసుకునే మిషనరీకి, ఆ వారం ఎన్ని పాఠాలు చెప్పారో, ఎంతమంది సంస్కార సభకు వచ్చారో, ఎవరికైనా బాప్తిస్మపు తేదీ కుదిరిందో చెబుతారు. లెక్కలు ఉండడంలో తప్పు లేదు, పనికి ఒక కొలత కావాలి. అయితే పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి ఆ కొలత పనికి సంబంధించినదా, తన యోగ్యతకు సంబంధించినదా అన్న తేడా తెలియదు. నాకు తెలియలేదు. సున్నా చెప్పిన వారం నేను పాపం చేసినవాడిలా మోకాళ్ల మీద పడేవాణ్ని.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరులో, అమెరికాలోని ఐడహో నుంచి అప్పుడే వచ్చిన ఒక అబ్బాయికి నన్ను శిక్షకుడిగా నియమించారు. పొలం పని చేసిన పిల్లవాడు, నా రెండు చేతులూ కలిపితే అతని ఒక చెయ్యి. మా అమ్మ పంపిన ఆవకాయను రొట్టెకు పూసుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తినేవాడు. ఐదో వారానికి అతనికి నిద్ర పట్టడం మానేసింది. తలుపు తట్టడానికి ఎత్తిన చెయ్యి వణికేది. ఉదయాన్నే స్నానాల గదిలోకి వెళ్లి అరగంటకు గాని వచ్చేవాడు కాదు, కుళాయి తిప్పి ఉంచేవాడు గాని ఏడుపు వినబడేది. నేనేమి చేశాను? ఇంకా ఎక్కువ ప్రార్థన చేయమన్నాను. పని చేస్తే మనసు కుదుటపడుతుందని చెప్పి పది గంటలకు బదులు తొమ్మిదిన్నరకే బయటకు లాక్కుపోయాను. అతని వల్ల మా లెక్క తగ్గుతోందని లోపల విసుక్కున్నాను కూడా. ఎనిమిదో వారంలో, బస్టాపులో, అతను కూర్చున్న చోటునుంచి లేవలేకపోయాడు. అప్పుడు గాని మిషన్ అధ్యక్షుడికి ఫోన్ చేయాలని నాకు తట్టలేదు. ఆయన, ఆయన భార్య గంటన్నరలో కారులో వచ్చారు, ఆ బెంచీ మీద అతనికి చెరొక పక్కన కూర్చున్నారు, ఏమీ అడగలేదు. డాక్టరుకు చూపించారు. మూడో నెలలో, క్రిస్మస్‌కు ముందే, అతను ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నాతో అన్న మాట: "మా ఊళ్లో నేనేమని చెప్పాలి?" జబ్బు కన్నా, నిద్ర లేకపోవడం కన్నా, ఆ ప్రశ్నే అతణ్ని ఎక్కువగా భయపెట్టింది. మన అబ్బాయిలను కూడా భయపెట్టేది అదే.

ఇలాంటి సమయంలో మన పెద్దలు ఒక చరిత్రను ఎత్తుతారు. 1839 సెప్టెంబరులో మన తొలి అపొస్తలులైన బ్రిగమ్ యంగ్, హీబర్ కింబల్ చలిజ్వరంతో లేవలేని స్థితిలో, జ్వరంతో మంచం పట్టిన భార్యాపిల్లలను మిసిసిపీ నది ఒడ్డున విడిచి, బండిలో పడుకునే ఇంగ్లండుకు బయలుదేరారు. నిజంగా జరిగినదే, వినగానే ఒళ్లు జలదరిస్తుంది. కాని దీన్ని మంచం మీద ఉన్న పిల్లవాడి తలగడ దగ్గర చెప్పేవారు ఒక చిన్న లెక్క మరిచిపోతున్నారు. ఆ ఇద్దరూ 1801 జూన్‌లో పుట్టినవారు. అప్పటికి వారికి ముప్పై ఎనిమిదేళ్లు. జీవితంలో చావులు, అప్పులు, వలసలు చూసిన మగవాళ్లు. వాళ్ల జ్వరాన్ని చూపించి పద్దెనిమిదేళ్ల పిల్లవాడి మనోవ్యాధిని కొలవడం న్యాయం కాదు. అలాగే 1837 జూలై 30న ప్రెస్టన్‌లోని రిబుల్ నదిలో ఒకే రోజు తొమ్మిది మంది బాప్తిస్మం పొందారని, ముందు ఎవరు నదిలో దిగాలన్న పోటీలో జార్జ్ డి. వాట్ పరుగెత్తి గెలిచాడని కూడా ఉత్సాహంగా చెబుతారు. నేను ఆ నది ఒడ్డున, ఏవెన్‌హామ్ పార్కులో, ఎన్నో సోమవారాలు కూర్చున్నాను. మా కాలంలో ఆ నదివైపు పరుగెత్తినవారంతా వ్యాయామం కోసం పరుగెత్తినవారే. రెండేళ్లలో నేను చూసిన బాప్తిస్మాలు నాలుగు.

తల్లిదండ్రులతో ఒక మాట. నా మొదటి సంవత్సరంలో ఇంటికి ఫోన్ చేయడం క్రిస్మస్‌కు, మదర్స్ డేకి మాత్రమే ఉండేది, మిగతా వారాల్లో సోమవారం నాడు ఈమెయిలు. 2019 ఫిబ్రవరిలో నియమం మారి, ప్రతి వారం వీడియోలో మాట్లాడవచ్చునన్నారు. ఆ సోమవారం అమ్మ ముఖం చూసి నేను రెండు నిమిషాలు మాట్లాడలేకపోయాను. నా ఐడహో సహచరుడు వెళ్లిపోయి అప్పటికి రెండు నెలలైంది. ఈ నియమం కాస్త ముందు వచ్చి ఉంటే అతను నిలబడేవాడేమో, నేను చెప్పలేను. అయితే ఇంత విలువైన ఆ ఫోన్ మాటల్లో మనం ఏమి అడుగుతున్నాము? "ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చావు నాన్నా? ఫలానావారి అబ్బాయి ఆరుగురికి ఇచ్చాడట." మా నాన్న కూడా మూడు వారాలు ఇదే అడిగాడు. నాలుగో వారం అమ్మ ఫోన్ లాక్కుని, చొక్కా కాలర్లు ఎలా తెల్లగా ఉంచుకుంటున్నావని అడిగింది. బాణలిలో అన్నం అడుగంటకుండా ఎలా వార్చాలో ఫోన్‌లోనే చూపించింది. ఆ వారమంతా నాకు కడుపు నిండినట్టుంది. దయచేసి కాలర్ల గురించి అడగండి. నిద్ర పడుతోందా, సహచరుడితో ఎలా ఉంది అని అడగండి. జవాబు చెప్పే ముందు పిల్లవాడు ఒక్క క్షణం ఆగితే, ఆ క్షణాన్ని వదిలిపెట్టకండి.

ఇంకొకటి పెళ్లి సంబంధాల సంగతి. మన కుటుంబాలలో వరుడి గురించి విచారించేటప్పుడు "మిషన్ పూర్తి చేశాడా?" అని అడగడం చదువు, ఉద్యోగం అడిగినంత మామూలైపోయింది. సగంలో వచ్చినవాడికి ఏదో దోషం ఉందని, ఏ ఆడపిల్ల విషయమో అయి ఉంటుందని గుసగుసలు పుడతాయి. మోకాలు దెబ్బతిని వచ్చినవాడు ఉన్నాడు, తండ్రి మంచాన పడితే వచ్చినవాడు ఉన్నాడు, మనసు విరిగి వచ్చినవాడు ఉన్నాడు. తప్పు చేసి వచ్చినవాడూ ఉండవచ్చు. అది అతనికి, వార్డు పెద్ద అయిన బిషప్పుకు, దేవునికి మధ్య సంగతి. వీళ్లలో ఎవరు ఎవరో తెలుసుకోవలసిన అవసరం మనకు లేదు గనుక నలుగురినీ ఒకేలా చేర్చుకోవడం మనకు చాలా సులభం కావాలి, కాని కావడం లేదు.

బిషప్పులను, బ్రాంచి అధ్యక్షులను నేను కోరేవి పెద్ద విషయాలు కావు. ముందుగా వచ్చిన పిల్లవాణ్ని తీసుకురావడానికి కూడా స్టేషనుకు మనుషులు వెళ్లాలి, నలభై మంది కాకపోయినా నలుగురు. పూర్తి చేసి వచ్చినవాడికి సంస్కార సభలో మాట్లాడే అవకాశం ఇచ్చినట్టే, ఇతనికి ఇష్టమైతే ఇతనికీ ఇవ్వండి. ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. నెల తిరిగేలోగా వార్డులో అతని చేతికి ఒక పని అప్పగించండి, కుర్చీలు సర్దే పని అయినా సరే. ఖాళీ చేతులతో చివరి వరుసలో కూర్చున్నవాడిని రెండు వారాలు చూసినా మనకు ఇది తోచలేదు, నాకూ తోచలేదు. కోలుకున్నాక మళ్లీ సేవ చేయాలని అతనే అనుకుంటే, ఇంటి దగ్గర ఉండి చేసే సేవా మిషన్ ఒకటి ఉందని, అదీ పిలుపేనని చెప్పండి. డాక్టరు అవసరమైతే డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. మనసుకు వైద్యం చేయించుకోవడం విశ్వాసం లేకపోవడమని మన వేదికల మీద ఎవరైనా అంటే, అక్కడే లేచి కాదని చెప్పే ధైర్యం పెద్దలకు ఉండాలి.

వెళ్లబోయేవారి విషయంలో కూడా ఒక పని ఉంది. మిషన్ సిద్ధపాటు తరగతుల్లో లేఖనాలు బాగానే నేర్పుతున్నాము. అన్నం వండడం, చొక్కా ఉతకడం, ఇస్త్రీ చేయడం, ఊడిన గుండీ కుట్టుకోవడం, రోజంతా ఎవరూ తలుపు తీయకపోతే రాత్రి గదికి వచ్చి ఏమి చేయాలో మాట్లాడుకోవడం, "నాకు బాగోలేదు" అన్న వాక్యాన్ని పై నాయకుడితో సిగ్గుపడకుండా అనడం, ఇవి ఎవరూ నేర్పడం లేదు. 1978 చివర్లో ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాదుకు మిషనరీలుగా వచ్చినప్పుడు వాళ్లు మొదట కూర్చున్నది సొంత బంధువుల ఇళ్లలో, సొంత భాషలో. అక్కడి నుంచి మొదలైన సంఘం 2012లో హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి స్టేకు, అంటే కొన్ని వార్డులు కలిసిన విభాగం, అయ్యేదాకా పెరిగింది. మన పిల్లలు వెళ్లే చోట బంధువులు ఉండరు, వాళ్ల పేరు పలకగలిగినవాళ్లే ఉండరు.

మా వార్డు నుంచి వచ్చే నెలలో ఇద్దరు బయలుదేరుతున్నారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వారి వీడ్కోలు సభకు ముందు శనివారం సాయంత్రం మా ఇంట్లో ఒక కిరోసిన్ స్టవ్, నాలుగు మురికి చొక్కాలు, ఒక ఇస్త్రీపెట్టె పెట్టి కూర్చుంటాను. తొమ్మిదో నెలలో తిరిగి వచ్చిన అబ్బాయిని కూడా రమ్మని కబురు పెట్టాను. చెప్పవలసినవి నాకన్నా అతనికే బాగా తెలుసు. ఇంకా జవాబు రాలేదు. ఆ సాయంత్రం మీలో ఎవరైనా వస్తే సంతోషం. వచ్చి అతను కనబడితే మాత్రం, భోంచేశావా అని అడగండి చాలు.

ఇట్లు,
2018–2020లో ఇంగ్లండులో సేవ చేసిన మీ సహోదరుడు